గీజర్ పొగ ఇంట్లోకి ఎందుకొస్తుంది?

గ్యాస్ గీజర్‌లో మంట సరిగ్గా మండాలంటే ఆక్సిజన్ కావాలి. తలుపులు, కిటికీలు బిగించిన స్నానాలగదిలో అది త్వరగా తగ్గిపోతుంది. అప్పుడు గ్యాస్ పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. పొగగొట్టం లేకపోయినా, పూడుకుపోయినా, దాని మూతి కిటికీ పక్కనే ఉన్నా ఆ వాయువు ఇంట్లోకే వస్తుంది.

ఎందుకు ప్రమాదం? దీనికి రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో మెదడుకు, గుండెకు ప్రాణవాయువు అందదు.

ఎలా గుర్తుపట్టాలి? నీలి మంట పసుపు రంగుకు మారడం, గీజర్ చుట్టూ మసి పట్టడం, తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం హెచ్చరికలు. వెంటనే ఆరుబయటికి వచ్చేయండి, పెద్దలకు చెప్పండి, 108కి ఫోన్ చేయండి.

గ్యాస్ గీజర్‌ను స్నానాలగది బయట, గాలి బాగా ఆడే చోట పెట్టించమని ఇంట్లో ఈరోజే అడగండి.