మినీ కారు – దాని గుణవిశేషాలు

కార్లు అమ్మేవారి నోట నాలుగు మాటలు తరచుగా ఒక్కచోటనే వినబడుతూ ఉంటవి: చిన్నది, పొదుపైనది, పరుగులో చురుకైనది, విలాసవంతమైనది. ఈ నాలుగింటికీ పొత్తు కుదరదని సామాన్యుని అనుభవం. చిన్న కారులో కాళ్లు చాపుకొనుటకు చోటుండదు. వేగం గల కారు పెట్రోలు ఎక్కువ త్రాగుతుంది. విలాసం ధరను పెంచుతుంది. కనుక అట్టి మాటలు విన్నప్పుడు, ఏ సుగుణం యంత్రనిర్మాణం నుండి పుట్టినదో, ఏది పైన పూసిన మెరుగో విడదీసి చూడవలసి ఉన్నది. ఈ పరిశీలనకు బ్రిటన్‌లో 1959 ఆగస్టు 26న వెలువడిన మినీ కారును మించిన ఉదాహరణ లేదని నా అభిప్రాయం.

దాని పుట్టుకకు మూలం పెట్రోలు కరువు. 1956లో సూయజ్ కాలువ సంక్షోభం వల్ల చమురు రవాణాకు అంతరాయం కలిగి, బ్రిటన్‌లో ఆ డిసెంబరు నుండి మరుసటి మే వరకు పెట్రోలుకు రేషన్ విధించినారు. బుడగవంటి బుల్లి కార్లకు గిరాకీ పెరిగినది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లియోనార్డ్ లార్డ్‌కు అవి ఏమాత్రం నచ్చలేదు. నలుగురు సుఖంగా కూర్చొనగల అసలైన చిన్న కారును నిర్మించుమని అలెక్ ఇస్సిగోనిస్‌ను ఆదేశించినాడు. ఇంజను మాత్రం కంపెనీలో అప్పటికే తయారగుచున్నదై ఉండవలెనన్నది ఆయన నియమం. ఇస్సిగోనిస్ 1906లో స్మిర్నాలో, అనగా నేటి తుర్కీలోని ఇజ్మీర్‌లో జన్మించి, 1922లో యుద్ధం మూలంగా కుటుంబంతో ఆ నగరాన్ని విడిచిన వ్యక్తి.

ఆనాటి కార్లలో సాధారణంగా ఇంజను ముందు భాగాన నిలువుగా ఉండేది. దాని వెనుక గేరుపెట్టె, అక్కడినుండి నేలక్రిందుగా వెనుక చక్రాల దాకా ఒక పొడవాటి కడ్డీ. అంబాసిడర్ వెనుక సీటు నడుమ కూర్చున్నవారి పాదాలకు తగిలే దిబ్బ ఆ కడ్డీకి వదిలిన చోటే. ఇస్సిగోనిస్ ఇంజనును అడ్డంగా త్రిప్పినాడు. గేరుపెట్టెను ఇంజను అడుగునే, నూనె నిలిచే తొట్టిలో అమర్చి, రెంటికీ ఒకే నూనె సరిపోవునట్లు చేసినాడు. ముందు చక్రాలే బండిని లాగుతవి గనుక పొడవాటి కడ్డీతో పని లేకపోయినది. ఇంజనును అడ్డంగా ఉంచి ముందు చక్రాలను త్రిప్పుట పూర్తిగా కొత్త కాదు, జర్మనీలో డి.కె.డబ్ల్యూ. వారు 1931లోనే ఆ పని చేసినారు. గేరుపెట్టెను క్రిందికి దించి స్థలం మిగుల్చుట ఇస్సిగోనిస్ ప్రత్యేకత. చక్రాలు 10 అంగుళాలవే గనుక అవి లోపలి చోటును ఆక్రమించలేదు. మొత్తం పొడవు 10 అడుగులు. అందులో నూటికి 80 పాళ్లు మనుషులకు, సామానుకు మిగిలినది.

స్ప్రింగుల విషయం మరింత ఆసక్తికరం. సుమారు 600 కిలోల బండిలో నలుగురు ఎక్కితే బరువు దాదాపు సగం పెరుగుతుంది. ఒంటరి చోదకునికి మెత్తగా ఉండే స్ప్రింగు నలుగురితో కుంగిపోతుంది. అలెక్స్ మౌల్టన్ దీనికి రబ్బరు శంకువులను రూపొందించినాడు. రబ్బరు నొక్కినకొద్దీ గట్టిపడుతుంది గనుక భారానికి తగినట్లు తానే సర్దుకొంటుంది.

పొదుపు సంగతి. 848 ఘన సెంటీమీటర్ల ఇంజను, 34 అశ్వశక్తి, నాటి పరీక్షల్లో లీటరుకు సుమారు 14 కిలోమీటర్లు. పన్నుతో కలిపి ధర 497 పౌనులకు కొద్దిగా తక్కువ. రేకుల అతుకులు, తలుపు బందులు బయటికే కనబడేవి. తలుపు తెరుచుటకు లోపల ఒక త్రాడు మాత్రమే. తొలి కార్లలో వాన కురిస్తే నేల అతుకుల గుండా నీరు చేరేది. దీనిని ఏ ప్రకటనా చెప్పలేదు!

ఇక చురుకుదనం. చోటు కొరకు చక్రాలను నాలుగు మూలలకూ నెట్టినారు, బరువు తగ్గించినారు. వంపులలో నేలను విడువని గుణం వాటితోనే వచ్చినది. ఈ గుణాన్ని మొదట గుర్తించినవారిలో జాన్ కూపర్ ముఖ్యుడు. ఆయన పందెపు కార్లతో 1959, 1960 సంవత్సరాలలో జాక్ బ్రాభమ్ ప్రపంచ విజేత అయినాడు. 1961లో వెలువడిన మినీ కూపర్‌కు 997 ఘన సెంటీమీటర్ల ఇంజను, 55 అశ్వశక్తి, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు అమర్చినారు. 1964లో ప్యాడీ హాప్‌కర్క్ మినీ కూపర్ ఎస్‌తో మాంటీ కార్లో ర్యాలీని గెలిచినాడు. 1965లోను, 1967లోను మినీకే విజయం. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలవే అయినా, దీపాలు నియమాలకు విరుద్ధమని వాటిని పోటీనుండి తొలగించినారు.

విలాసమే అన్నింటికంటె పలుచని గుణం. ఇస్సిగోనిస్‌కు కారులో రేడియో సైతం గిట్టదు. 1961లో రైలీ ఎల్ఫ్, వూల్స్‌లీ హార్నెట్ అను పేర్లతో వెనుక పెట్టెను పొడిగించి, ముందు మెరిసే జల్లెడ తగిలించి, లోపల వాల్‌నట్ చెక్క పరిచి అమ్మినారు. హెరాల్డ్ రాడ్‌ఫర్డ్ సంస్థ తోలు సీట్లు, విద్యుత్తుతో కదిలే అద్దాలు అమర్చగా, పీటర్ సెల్లర్స్ వంటి నటులు, బీటిల్స్ గాయకులు వాటిని కొన్నారు. ఆ చెక్కకు, తోలుకు యంత్రంతో సంబంధం లేదు. తీసివేసినా అది మినీయే.

ధర విషయంలో కంపెనీ సాహసించినదనే చెప్పవలె. ఫోర్డు వారు ఒక మినీని కొని, విప్పి, లెక్క కట్టి, ఒక్కొక్క బండిపై 30 పౌనుల నష్టమని తేల్చినట్లు ఒక కథ ప్రసిద్ధం. 2000 అక్టోబరులో ఉత్పత్తి ఆగేనాటికి 53 లక్షలకు పైగా తయారైనవి గాని, తయారుచేసిన సంస్థ ఆ మేరకు బాగుపడలేదు.

మన దేశానికి ఈ పద్ధతి 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 యజమానికి అందినప్పుడు చేరినది: 796 ఘన సెంటీమీటర్లు, మూడు సిలిండర్లు, అడ్డంగా ఇంజను, ముందు చక్రాల లాగుడు. గేరుపెట్టె మాత్రం ఇంజను అడుగున గాక ప్రక్కన చేరినది. నేడు చిన్న కార్లలో నిలిచినది ఆ అమరికే. 2001లో బి.ఎం.డబ్ల్యూ. అదే పేరుతో తెచ్చిన కొత్త మినీ పొడవు 3.6 మీటర్లు దాటినది, బరువు 1,000 కిలోలు మించినది. వెనుక సీటు మాత్రం ఇరుకే.