సాంబార్ అడిగితే కొత్తిమీర

మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలో ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ. రెండూ వచ్చినవాళ్లు కూడా సంతలో తడబడే మాట ఒకటుంది. విదర్భ మరాఠీలో సాంబార్ అంటే కొత్తిమీర! పుణె వైపు దాన్ని కొథింబీర్ అంటారు. నాగపూర్ సాంబార్ వడిలో పప్పుపులుసు జాడే ఉండదు, లోపల కూరేది ముఖ్యంగా కొత్తిమీరే.

కొత్తిమీర అంటే ఇటలీ ముచ్చటొకటి చెప్పాలి. అక్కడి కార్నివాల్‌లో చల్లుకునే రంగు కాగితం ముక్కల పేరు కొరియాండొలి, అంటే ధనియాలు. ఒకప్పుడు పంచదార పట్టించిన ధనియాలు విసురుకునేవారు. కాగితాలొచ్చినా పేరు పోలేదు. ఆ కాగితాలే ఇంగ్లీషులో కన్ఫెట్టి. ఇటలీలో కన్ఫెట్టి అడిగితే మాత్రం పెళ్లిళ్లలో పంచే పంచదార బాదంపప్పులు ఇస్తారు. అమెరికావాళ్ల పెప్పరోని మాంసం ముక్కలు. ఇటలీలో పెపెరోని కాప్సికమే. అక్కడ లాత్తే అంటే ఉత్త పాలు, కాఫీ చుక్క కూడా ఉండదు.

మనకూ మరాఠీకీ ఇలాంటివి తక్కువేం కాదు. వాళ్ల కాందా ఉల్లిగడ్డ, మన కంద వాళ్లకు సురణ్. వాళ్ల భాజీ కూర, దీర్ఘం తీసేసి భజీ అంటేనే మన బజ్జీ.

పోపు ఇంగ్లీషులో టెంపరింగ్ అయింది. ఉక్కుకూ చాక్లెట్‌కూ చేసేదీ టెంపరింగే కాబట్టి ఆవాలు చిటపటలాడే సంగతి అందులో లేదు. మరాఠీ ఫోడ్నీ నయం, పగలడమనే అర్థం నుంచే వచ్చింది. ఇక ఇటాలియన్ మాట అల్ దెంతేను ఇంగ్లీషువాళ్లు అలాగే వాడేసుకున్నారు. పాస్తా పంటికి కాస్త తగలాలని దాని భావం. మనకు పలుకు అనే మాట ఎప్పటినుంచో ఉంది. కాకపోతే అన్నం పలుకుగా ఉంటే ఇంట్లో గొడవే, పాస్తా అలా ఉంటే మెప్పు.

సిరోంచ నుంచి భామ్రాగడ్‌కు వెళ్తే అక్కడి గోండుల మాడియా భాష వినిపిస్తుంది. 1973లో సంఘసేవకుడు బాబా ఆమ్టే దగ్గర్లోని హేమల్‌కసాలో లోక్ బిరాదరీ ప్రకల్ప్ అనే సేవా కేంద్రం మొదలుపెట్టాక, అక్కడ వైద్యానికి కుదురుకున్న ప్రకాశ్, మందాకిని ఆమ్టే దంపతులు ముందు ఆ భాషే నేర్చుకోవలసి వచ్చింది. తెలుగువాళ్లకు ఆ శ్రమ కొంచెం తక్కువ. మాడియాలో నీళ్లను ఏర్ అంటారు. మన ఏరుకు అది చుట్టమే. పర్లకోట, పామూల్‌గౌతమ్, ఇంద్రావతి నదులు కలిసే భామ్రాగడ్‌లో దాహమేస్తే ఏరు అడిగినా చెంబెడు నీళ్లే ఇస్తారు.