ఇంటి కుక్కకును గాదె పిల్లికిని రైతు ఇయ్యదగిన కానుక

ఎద్దునకు చిట్టును, పాడియావునకు పచ్చిమేతయు మనము లెక్కగా పెట్టుదుము. కనుమనాడు కొమ్ములకు రంగు పూసి గౌరవింతుము. అయితే ప్రొద్దుటూరు కాలువ క్రింది వరికళ్లమును, జమ్మలమడుగు నల్లరేగడిలోని శనగ కుప్పను, పులివెందుల చీనీతోటను రాత్రియెల్ల మేల్కొని కాచునది కుక్క. గాదెలోని గింజను, విత్తనమునకై దాచిన వేరుశనగను ఎలుకల పాలుగాకుండ కాపాడునది పిల్లి. ఈ రెండిటి జీతము మాత్రము మన పద్దు పుస్తకమున కానరాదు. వాటికి ఏమి పెట్టవలయునో, ఏ కానుక ఇయ్యవలయునో ఇచ్చట విన్నవించుచున్నాను.

పెరిగిన కుక్కకు దినమునకు రెండు పూటల తిండి చాలును. కూనలకు నాలుగు పూటలు కొంచెము కొంచెముగా పెట్టవలయును. జొన్న సంగటియైనను, రాగి సంగటియైనను, అన్నమైనను కుక్క తినును గాని, వట్టి సంగటితో దానికి కండ పట్టదు. ఉడికిన గ్రుడ్డో, ఎముక లేని మాంసపు ముక్కయో కలుపవలయును. ఉల్లిపాయలు, వెల్లుల్లి వేసిన పులుసు పోయరాదు. అవి కుక్కకును పిల్లికిని నెత్తురును పాడుచేయును. ద్రాక్షపండ్లు కుక్క మూత్రపిండములకు కీడు చేయును. వండిన కోడి యెముకలు నిలువున చీలి గొంతులోను, ప్రేగులలోను గ్రుచ్చుకొనును.

మన ప్రాంతపు ఎండలు మీరెరుగనివి కావు. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక వ్రేలాడవేసి రొప్పుటచేతనే అది వేడిని పోగొట్టుకొనును. కావున ఎండలో కాగిన నాపబండపై గొలుసుతో కట్టివేయుట దాని ప్రాణమునకు ముప్పు. వేపచెట్టు నీడయు, దినమునకు రెండుమారులు మార్చిన నీళ్ల తొట్టియు డబ్బు ఖర్చులేని కానుకలు.

పిల్లి సంగతి వేరు. అది పుట్టుకచేతనే మాంసాహారి. టారిన్ అను పదార్థము మాంసము, చేపలు మొదలగువానియందే దొరకును. అది చాలనిచో పిల్లికి చూపు మందగించును, గుండె చెడును. పాలు, అన్నముతోనే పిల్లిని సాకవచ్చుననుట పొరపాటు. పెరిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరుగక విరేచనములగును. చేపముక్కయో, గ్రుడ్డో, మాంసమో పెట్టుట మేలు. కడుపు మాడ్చిననే పిల్లి ఎలుకలను పట్టునని కొందరందురు. ఇదియు సరికాదు. కడుపు నిండిన పిల్లియు వేటాడును. పిల్లి నలతగా నున్నదని మనము వాడు పారాసిటమాల్ మాత్ర వేయరాదు. ఒక్క మాత్రతోనే అది చావవచ్చును.

గాదె దగ్గర ఎలుకల మందు పెట్టునపుడు కుక్కను, పిల్లిని వేరుచోట ఉంచవలయును. చచ్చిన ఎలుకలను ఉదయముననే ఏరి లోతుగా పూడ్చవలయును. వాటిని తిన్న పిల్లి కూడ చచ్చు ప్రమాదము కలదు.

గొర్రెలున్నవారు మరియొక జాగ్రత్త పడవలయును. గొర్రెను కోసినపుడు తలను, లోపలి పచ్చి భాగములను కుక్కకు వేయుట మన పల్లెలలో వాడుక. వానిలోని నీటితిత్తులనుండి కుక్క కడుపులో బద్దెపురుగులు పెరుగును. వాటి గ్రుడ్లు కుక్క మలముతో మేత బీడులో పడును. ఆ గడ్డి మేసిన గొర్రెకు మెదడులో తిత్తి ఏర్పడి, తల వాల్చి గిర్రున తిరుగు రోగము పుట్టును. ఇట్టిదే వేరొక బద్దెపురుగు మనుష్యుల కాలేయమునందు సయితము తిత్తులు పెంచును. కావున పచ్చి భాగములను పూడ్చివేసి, పశువైద్యుడు చెప్పిన కాలమునకు కుక్కకు నట్టల మందు పట్టింపవలయును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది చెప్పెదను. ఒక గ్రామమున ఒక రైతు నన్ను ఇట్లడిగెను: "అయ్యా, ఎద్దులకు గాలికుంటు సూది వేయించితిని. కూలిలేని కుక్కకు కూడ సూదియేనా?" "ఆ కుక్క ప్రక్కన పండుకొనునది ఎవరు?" అని నేనడిగితిని. అతని మనుమడు వాకిట కుక్క మెడపై చేయివేసి ఆడుకొనుచుండెను. రైతు మరి మాటాడలేదు.

రేబిస్ రోగము మనుష్యులకు నూటికి తొంబదితొమ్మిది పాళ్లు కుక్కకాటువలననే వచ్చును. లక్షణములు బయటపడిన పిమ్మట బ్రతుకుట మిక్కిలి అరుదు. కరచినచోట సున్నమో, కారమో, ఆకుపసరో పూయరాదు. వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి ఆసుపత్రికి పోవలయును. పూర్వము బొడ్డు చుట్టు వేయు సూదులకు జనులు భయపడిరి. ఆ పద్ధతి గతించినది. ఇప్పుడు భుజమునకే వేయుదురు. వైద్యుడు చెప్పిన తేదీలలో ఒక్కటియు మానరాదు. కుక్క బాగుగనే యున్నదని ఆలస్యము చేయరాదు. పిల్లి కరచినను ఇదియే పద్ధతి.

1885 జూలై 6వ తేదీన పాశ్చరు పండితుడు పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలునికి ఫ్రాన్సు దేశమున తొలిసారి టీకా వేసి బ్రతికించెను. 1907లో దక్షిణదేశమున కూనూరునందు పాశ్చరు సంస్థ వెలసెను. పాశ్చరు చేసిన పనికి గుర్తుగా ఏటేట జూలై 6న పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకా వేయుట వాడుక. మూడు నెలలు నిండిన కూనకు తొలి సూదియు, పిమ్మట వైద్యుని మాట ప్రకారము ఏటేట ఒక సూదియు వేయింపవలయును. పిల్లికిని ఇట్లే.

కుక్క రెండు నెలలు మోసి ఈనును. సాకలేని కూనలు వీథికుక్కలగును. కనుక సంతానము వలదనుకొన్నవారు శస్త్రచికిత్స చేయించుట మంచిది.

సంఘ సభ్యులు పదిమంది కలిసి తమ యూరి కుక్కల, పిల్లుల పట్టిక వ్రాసి పశువైద్యునకు ముందుగా తెలిపినచో, ఒక్క దినముననే పని జరుగును. రైతులారా! నేడే పద్దు పుస్తకము తెరచి, ఎద్దుల వరుస క్రింద కుక్కకు ఒక వరుస, పిల్లికి ఒక వరుస వ్రాయుడు. దానికెదురుగా సూది వేయించిన తేదీ వేయుడు. ఈ కానుక వాటికే కాదు, మన బిడ్డలకును చెందును.