ఇంజను చమురు: చిక్కదనము, చలువ

వరి పొట్టకు వచ్చిన వేళ కాలువనీరు చివరి పొలమునకు అందకపోయినచో, రైతు ఆశ యంతయు గట్టున నిలిపిన ఇంజనుపైననే యుండును. బాపట్లకును రేపల్లెకును నడుమనున్న కర్లపాలెము ప్రాంతము కృష్ణా పశ్చిమ డెల్టాకు చివరిభాగము. అట్టిచోట ఇంజను నాలుగు దినములు మూలబడినచో నష్టము బాగుసేత ఖర్చుతో తీరదు, పైరునకును తగులును. ఇంజను పట్టివేయుటకు చమురు లేకపోవుట యొక్కటియే కారణము కాదు. తగని చమురు పోయుటయు కారణమే.

ఆముదము మెల్లగా జారును, నీరు చప్పున పారును. ద్రవము తన పొరలు ఒకదానిపై నొకటి జారుటకు చూపు నిరోధమునే స్నిగ్ధత యందురు. వాడుకలో చిక్కదనము అనవచ్చును. దీనికి బరువుతో సంబంధము లేదు: నూనె నీటికంటె తేలిక, అయినను నీటికంటె చిక్కన. వేడి తగిలినకొలది ఈ గుణము తగ్గును. మూకుడులో కాగిన నూనె నీటివలె కదలుట ప్రతి గృహిణి యెరిగినదే.

బండి ఇరుసునకు కందెన పెట్టుట మన పెద్దలనాటి అలవాటు. ఇంజనులో చమురు అంతకంటె విచిత్రమైన పని చేయును. 1883లో ఇంగ్లండునందు బీచమ్ టవర్ అను ఇంజనీరు రైలుబండి ఇరుసుల బేరింగులను పరీక్షించుచు, బేరింగు పైభాగమున ఒక రంధ్రము చేసెను. ఇరుసు తిరుగుచుండగా ఆ రంధ్రమునుండి చమురు పైకి ఉబికెను. బిరడా పెట్టినచో దానినిసైతము నెట్టివేసెను. తిరుగుచున్న ఇరుసు చమురును తనతో లాగికొనిపోయి, ఇరుకుచోట ఒత్తిడి పుట్టించి, దానిపైననే తేలుచున్నదని 1886లో ఆస్బర్న్ రెనాల్డ్స్ గణితముతో నిరూపించెను. ఇనుమును ఇనుము తాకకుండ నిలుపు ఈ పొర వెండ్రుకకంటె పలుచన. అది నిలుచుటకు కొంత చిక్కదనము అవసరము.

చమురునకు రెండవ పని చల్లబరచుట. డీజిలునుండి పుట్టిన వేడిలో సుమారు మూడవవంతు మాత్రమే పనిగా మారును. మిగిలినది పొగతోను, నీటితోను, చమురుతోను బయటికి పోవలెను. సిలిండరు చుట్టును నీరు తిరుగును గాని, పిస్టను అడుగునకును క్రాంకు బేరింగులకును నీరు చేరదు. అచ్చటి వేడిని చమురే మోసికొని వచ్చి అడుగు తొట్టిలో దించవలెను. ఇందులకు చమురు ధారాళముగా పారవలెను.

చిక్కు ఇచ్చటనే యున్నది. పొర నిలుచుటకు చిక్కదనము కావలెను. వేడి మోయుటకు పారుదల కావలెను. చమురు మితిమీరి చిక్కనైనచో సన్నని సందులలోనికి తక్కువగా పోవును, పోయినది ఎక్కువసేపు నిలిచి కాగును. పొరల రాపిడివలన తానును వేడి పుట్టించును. అప్పుడు ఒత్తిడి ముల్లు పైకి లేచియుండును. అది చూచి సంతోషింపరాదు. ఒత్తిడి హద్దు మీరినప్పుడు కవాటము తెరచుకొని కొంత చమురు బేరింగులను చేరకయే తొట్టిలో పడును. మితిమీరి పలుచనైనచో పొర తెగి లోహము లోహమును రాయును, అదియు వేడియే.

అరిగిన ఇంజను పొగ చిమ్ముచు చమురు త్రాగుచున్నదని మరింత చిక్కని చమురు పోయువారు కలరు. పొగ కొంత తగ్గవచ్చును. అరుగుదల మానదు, చలువ తగ్గును.

డబ్బాపై 40 అనియో, 15డబ్ల్యు-40 అనియో యుండును. డబ్ల్యు అనగా శీతకాలము. దాని ముందరి అంకె చల్లనివేళ పారుదలను తెలుపును. వెనుకటి 40 అనగా 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద చిక్కదనము 12.5 మొదలు 16.3 సెంటీస్టోకుల లోపల నుండునని యర్థము. 20 డిగ్రీల నీటికి ఇది సుమారు 1. వ్రేళ్ళ నడుమ రుద్ది చూచినచో రెండవ రకము పలుచనగా తోచును. “ఇందులో పస లేదు” అందురు. కాని వ్రేళ్ళు నూరు డిగ్రీలు కావు! ఇంజను కాగిన పిమ్మట రెండును ఒకే తరగతివి. చల్లగానున్నప్పుడు త్వరగా బేరింగులను చేరుటయే రెండవదాని మేలు.

కావున తయారీదారు చెప్పిన తరగతినే వాడవలెను. ఇంజను నడిపిన వెంటనే బరువు పెట్టక కొన్ని నిమిషములు వట్టిగా తిరుగనీయవలెను. ప్రతి ఉదయము కొలకడ్డీ చూడవలెను. మట్టము పెరిగి డీజిలు వాసన వేసినచో ఇంధనము కలిసి చమురు పలుచబడినదని గ్రహింపవలెను. నల్లబడుట మాత్రము దోషము కాదు. మసిని తనలో నిలుపుకొనుటయు మంచి చమురు లక్షణమే. అయినను మసి పెరిగినకొలది చమురు చిక్కబడును. గడువునకు మార్చుట తప్పదు. చమురు వెల ఎంతయైనను క్రాంకు వెలకంటె తక్కువ, ఎండిన పైరు వెలకంటె మరియు తక్కువ.