నీటిరెక్కల పడవ

పలనాటి సీమలోని శావల్యాపురము సముద్రమునకు దూరముగా నున్న ఊరు. అచ్చటి బాలుడు తెరచాప పడవను ఎన్నడును చూచియుండకపోవచ్చును. అయినను, పడవను నీటిపైకి లేపు బలమెట్టిదో అతడు పంటకాలువలోనే తెలిసికొనగలడు. పారునీటిలో అరచేతిని చాపి, ముందంచును ఇంచుక పైకి వాల్చినచో చేయి తనంతట తానే పైకి లేచును. నీటి వేగము రెట్టింపైనచో ఆ బలము నాలుగింతలగును.

విమానపు రెక్కకు ఆధారము గాలి. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. కావున పడవను లేపుటకు మిక్కిలి చిన్న రెక్క చాలును. ఇట్టి రెక్కలపై ఇటలీ దేశీయుడైన ఎన్రికో ఫోర్లనీని 1906లో మజ్జోరె సరస్సున పడవను నడిపెను. టెలిఫోనును కనిపెట్టిన గ్రాహంబెల్ బృందము నిర్మించిన పడవ 1919లో కెనడాయందు గంటకు సుమారు 114 కిలోమీటర్ల వేగమందెను. అవి యంత్రముతో నడచిన పడవలు. గాలి నొక్కదానినే నమ్ముకొన్న తెరచాప పడవకు ఈ విద్య అబ్బుటకు చాలకాలము పట్టెను.

ఆస్ట్రేలియాలో 1928లో పుట్టిన మాత్ అను పడవ పొడవు 3.4 మీటర్లకు లోపే. దాని నియమములు కొలతలకు హద్దులు విధించునేగాని నిర్మాణమును శాసింపవు. అందుచేతనే ఔత్సాహికులు తమ ఇంటి కొట్టములలో ఎన్నియో ప్రయోగములు చేయగలిగిరి. 2005లో రోహన్ వీల్ రెక్కల మాత్‌పై ప్రపంచ విజేత యయ్యెను. మన హుస్సేన్‌సాగరులో పోటీపడు లేజరు పడవల సంగతి వేరు. అవన్నియు ఒక్కతీరున నుండవలెను; స్వంత రెక్కకు అచట తావులేదు.

మాత్‌కు తిరగవేసిన ‘టి’ అక్షరము వంటి రెక్కలు రెండుండును. ఒకటి నడుమ, రెండవది చుక్కానికి. నావికునితో కూడ నూరు కిలోలకు పైబడిన బరువును సన్నని నిలువు పలకలు మోయవలెను. కొయ్యతో అంత సన్నముగా చేసినచో విరుగును, ఇనుము బరువు. కావున కార్బను నారబట్టను ఎపాక్సీ జిగురుతో తడిపి, మైనము పూసిన అచ్చులో పొరలుగా పరతురు. వంగకుండుటకు పోగులు నిలువునను, మెలితిరుగకుండుటకు ఏటవాలుగను ఉండవలెను. జిగురు పాళ్లను తూచి, కొంచెము కొంచెముగనే కలుపవలెను. ఒక్కసారి ఎక్కువ కలిపినచో అది వేడెక్కి పొగలు గ్రక్కును.

పిదప అచ్చును ప్లాస్టిక్ సంచిలో మూసి గాలిని లాగివేయుదురు. పాత శీతలపేటిక కంప్రెసరే ఇందుకు చాలునని చేసినవారు కనుగొనిరి. లోని గాలి పూర్తిగా పోయినచో వెలుపలి గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో చొప్పున అదుమును. అనగా వేయి చదరపు సెంటీమీటర్ల రెక్కపై ఒక టన్ను బరువు పెట్టినట్లే! అయినను ఎచ్చటనో ఒక బుడగ చిక్కుకొనవచ్చును. అది కంటికి కానరాదు. రెక్క విరుగునది ఆ తావుననే. అందుచే నీటిలో దింపకముందే రెక్కను రెండు బల్లల నడుమ వంతెనవలె నుంచి ఇసుకమూటలతో పరీక్షించుట మేలు. ఉప్పుకాగితముతో రుద్దునపుడు ముక్కునకు రక్షణ తప్పదు, కార్బను ధూళి ఊపిరితిత్తులకు చెరుపు.

రెక్క నీటి ఉపరితలమును దాటినచో గాలి చొరబడి, ఎత్తుబలము నశించి, పడవ ముక్కుమీద కూలును. దీనిని తప్పించునది ముందుభాగమున నీటిని తాకుచు వ్రేలాడు పుల్ల. పడవ మితిమీరి లేచినచో పుల్ల క్రిందికి జారి, కడ్డీల ద్వారా రెక్క వెనుకనున్న రెప్పను పైకి త్రిప్పును; ఎత్తుబలము తగ్గును. పడవ దిగినచో దీనికి విపరీతము జరుగును.

ఇంత చేసినను వెనుకంచు మొద్దుగా నున్న రెక్క వేగమునందు ఈలవేయును. అప్పుడు నావికుడు ఒడ్డు చేరి మరల ఉప్పుకాగితము చేతబట్టును.