మద్దెల ఓడు కాదు, గది ఓడు!
చిన్న స్పీకర్లు చక్కగా పలకాలంటే...

కొత్తగా కట్టిన శ్లాబు ఇళ్లలో ముందుగదిలో జత స్పీకర్లు కనిపించటం ఇప్పుడు మామూలైంది. ఒకటి బీరువా మీద ఉంటుంది. రెండోది షోకేసు అరలో, బొమ్మల మధ్య ఇరుక్కుని ఉంటుంది. పాట పెడితే ఇల్లంతా మోగుతుంది. కాని మంచం మీద కూర్చున్న తాతగారికి మాత్రం మాట తెలియదు. "ఏమంటున్నాడురా?" అని మనుమణ్ణి అడుగుతారు. మనుమడు సౌండు పెంచుతాడు. మోత పెరుగుతుందే గాని మాట తెలియదు. చివరికి లోపం బాక్సులదేనని తేల్చి, పట్నం వెళ్లి ఇంకా పెద్దవి, ఇంకా ఖరీదైనవి తెస్తారు. అవీ అదే బీరువా ఎక్కుతాయి. అవీ అలాగే మోగుతాయి.

ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. ఇక్కడ చాలాసార్లు మద్దెల ఓడు కాదు, ఆట తప్పూ కాదు. ఓడు గదిది, బాక్సు పెట్టిన చోటుది. స్పీకరు నుంచి నేరుగా చెవికి చేరే ధ్వని కొంతే. మిగతాది గోడలకు, నేలకు, కప్పుకు తగిలి తిరిగి వస్తుంది. ఈ రెండూ కలిసినదే మనం వినే పాట. కనుక కొత్త బాక్సులకు డబ్బు పోసేముందు ఉన్నవాటిని సరైన చోట పెట్టి చూడటం మేలు. ఇందుకు కావలసినవి రెండు గట్టి స్టూళ్లు, ఒక తాడు, రెండు మూడు బొంతలు, ఒక సాయంత్రం తీరిక.

చిన్నవని చిన్నచూపు వద్దు

బాక్సు ఎంత పెద్దదైతే పలుకు అంత బాగుంటుందని చాలామంది నమ్మకం. ఇంగ్లండులోని బి.బి.సి. రేడియో సంస్థ ఇంజనీర్లు 1970 దశకంలో ఎల్.ఎస్.3/5ఎ అనే స్పీకరును తయారుచేశారు. దాని ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, వెడల్పు 19, లోతు 16. అంటే అడుగు ఎత్తున్న చిన్న పెట్టె. స్టూడియో బయటి నుంచి కార్యక్రమాలు ప్రసారం చేసే వ్యానుల్లో చోటు ఇరుకు. అక్కడ కూర్చున్న ఇంజనీరు, బయటికి వెళ్తున్న మాట సరిగా ఉందో లేదో విని తేల్చుకోవాలి. అందుకోసం చేసిన స్పీకరు ఇది. గుండెలదిరే మోత దానికి చేతకాదు. మనిషి గొంతును మనిషి గొంతులా వినిపించటమే దాని గొప్ప. తర్వాత లైసెన్సు పొందిన కంపెనీలు దాన్ని ఇళ్లకూ అమ్మాయి. ఇళ్లలో దాన్ని మూలన పడేయక స్టాండు మీద పెట్టుకుని విన్నవారికే ఆ గొప్ప తెలిసింది.

చోటు ముఖ్యం

మొదట చూడవలసింది మూల. తబలా, మద్దెల వంటి లావు ధ్వనులు స్పీకరు ముందుకే కాక అన్ని వైపులా వ్యాపిస్తాయి. వెనుక గోడ వాటిని తిప్పి పంపుతుంది. మూలలో పెడితే రెండు గోడలు తిప్పి పంపుతాయి. దానితో "బుంయ్" మని మోత ఎక్కువై, గొంతు అందులో మునిగిపోతుంది. బాక్సును వెనుక గోడకు ఒకటిన్నర, రెండు అడుగుల దూరం ముందుకు జరిపితే ఈ మోత తగ్గుతుంది. వెనుక వైపు గాలి రంధ్రం ఉన్న బాక్సులకు ఈ ఎడం మరీ అవసరం. జరిపాక పాట మరీ పలచబడిందనిపిస్తే నాలుగు వేళ్ల మందం చొప్పున వెనక్కి నెట్టి చూడాలి. ఎక్కడ ఆపాలో చెవే చెబుతుంది.

రెండోది ఎత్తు. బాక్సులో చిన్న స్పీకరును ట్వీటర్ అంటారు. మాటలోని స, శ, త, చ వంటి అక్షరాల స్పష్టత ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. ఈ సన్నని ధ్వని టార్చిలైటు వెలుతురులా ముందుకు సాగుతుంది. కనుక ట్వీటర్ వినేవారి చెవి ఎత్తులో ఉండాలి. బీరువా మీద పెడితే అది తల మీదుగా పోతుంది. కుర్చీలో కూర్చుని వినే ఇంట్లో రెండడుగుల స్టూలు సరిపోతుంది. చాప మీద కూర్చుని వినే ఇంట్లో అంతకన్నా పొట్టి పీట కావాలి. ఎత్తు నుంచి దించటం కుదరకపోతే, బాక్సు వెనుక అడుగున చెక్కముక్క పెట్టి ముందుకు వంచాలి. అది జారి పడకుండా చూసుకోవాలి.

మూడోది దూరం. రెండు బాక్సుల మధ్య 6 అడుగులుంటే, వినేవారు ఒక్కొక్క బాక్సుకు 6 అడుగుల దూరంలోనే కూర్చోవాలి. తాడుతో కొలిస్తే పని తేలిక. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఒక బాక్సు రెండడుగులు దగ్గరైనా, దాని ధ్వని కంటిరెప్ప పాటు కన్నా ఎంతో తక్కువ వ్యవధి ముందు అందుతుంది. అయినా చెవి దాన్ని పట్టేస్తుంది. పాటంతా ఆ దగ్గరి బాక్సు నుంచే వస్తున్నట్టు తోస్తుంది. కుర్చీ వెనుక గోడకు ఆనించి గాని, సరిగ్గా గది నడిమధ్యన గాని వేయకూడదు. గోడ దగ్గర లావు ధ్వని పేరుకుంటుంది. నడిమధ్యన కొన్ని స్వరాలు మాయమవుతాయి.

స్టూలు కదలకూడదు. ఒక కాలు పొట్టిదైతే కింద అట్టముక్క పెట్టి సరిచేయాలి. ఇనుప గొట్టంతో స్టాండు చేయించుకుంటే, గొట్టంలో ఎండిన ఇసుక పోసి మూయిస్తే మోగదు. బాక్సు నాలుగు మూలల కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు పెడితే జారదు, అదరదు. బీరువా రేకు తానూ పాడటం మొదలుపెడుతుంది గనుక అది స్టాండుగా పనికిరాదు.

పరుపు చేసే మేలు

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో 1895 ప్రాంతంలో ఒక కొత్త ఉపన్యాసశాలకు ఇలాంటి చిక్కే వచ్చింది. మాట్లాడితే ఆ మాట అయిదున్నర సెకన్ల దాకా హాల్లో తిరిగేది. ముందు మాట పోకముందే వెనుక మాట వచ్చి పడేది. దాన్ని సరిచేయమని వాలెస్ సాబిన్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి పురమాయించారు. ఆయన రాత్రిపూట పక్కనున్న నాటకశాల నుంచి కుర్చీల పరుపులు మోయించి తెచ్చి, హాల్లో వరసగా పరిచి, ధ్వని ఎంతసేపటికి ఆగుతుందో గడియారంతో కొలిచారు. తెల్లవారేసరికి పరుపులు తిరిగి వెళ్లిపోవాలి. పరుపులు పెరిగేకొద్దీ మోత తరిగింది. చివరికి తన ఒంటి మీది బట్టలు మారినా లెక్క మారుతోందని గ్రహించారు. సభాభవనాల ధ్వనిశాస్త్రం అలా పుట్టింది.

తాటాకు ఇంట్లో ఈ బాధ తక్కువ. ఆకు, మట్టిగోడ ధ్వనిని కొంత మింగుతాయి. సిమెంటు గోడ, టైల్సు నేల మింగవు. గది మధ్యన నిలబడి ఒక్క చప్పట్టు కొడితే సంగతి తెలుస్తుంది. చప్పుడు వెంటనే ఆగితే సరే. "టర్ర్" మని సాగితే గదికి బట్ట కావాలి.

బట్ట ఎక్కడ వేలాడదీయాలో అద్దం చెబుతుంది. ఒకరు వినేచోట కూర్చోవాలి. మరొకరు పక్కగోడ వెంట చేతి అద్దం జరుపుకుంటూ పోవాలి. కూర్చున్నవారికి అద్దంలో స్పీకరు ఎక్కడ కనిపిస్తే ధ్వని తగిలి తిరిగొచ్చేది అక్కడే. అక్కడ మందపాటి బొంతను గోడకు కాస్త ఎడంగా వేలాడదీయాలి. స్పీకర్లకూ మనిషికీ మధ్య నేల మీద జంపఖానా పరవాలి. గదిలో పరుపులు, బియ్యం బస్తాలు ఉంటే అవీ సాయపడతాయి. పలచని కర్టెను వల్ల పెద్దగా లాభం లేదు. లావు మోతకు బొంత మందు కాదు. దానికి మందు బాక్సును జరపటమే.

తీగ పరీక్ష

విడి తీగలున్న బాక్సులకు ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు కలపాలి. ముందుగా కరెంటు ఆపాలి. ఒక బాక్సుకు తిరగబడితే లావు ధ్వని సన్నగిల్లి, గొంతు ఎక్కడుందో తెలియదు. ఇందుకు ఘంటసాల పాటే పరీక్ష. 1950, 60 దశకాల సినిమా పాటలు ఒకే ధారలో రికార్డు చేసినవి. అన్నీ సరిగా ఉంటే, ఆయన గొంతు ఏ బాక్సులోంచీ కాక, రెండింటి నడుమ మనిషి నిలబడి పాడుతున్నట్టు వినిపిస్తుంది.

అయినా ఒక పక్క గరగర వస్తుంటే, తీగలను ఉన్నచోటే ఉంచి రెండు బాక్సుల చోట్లు మార్చాలి. గరగర బాక్సుతోపాటు వెళ్తే లోపం బాక్సుదే. మెకానిక్కు చూపించాలి. ఉన్నచోటే ఉంటే అది తీగదో, ఆంప్లిఫయరుదో, గదిదో అవుతుంది. కొత్త బాక్సు కొన్నందువల్ల పోదు.

చోటు కుదిరాక సౌండు అంతగా పెంచనక్కరలేదు. చిన్న ఆంప్లిఫయరును చివరిదాకా తిప్పితే పాట చితికి, ట్వీటర్ కాలిపోవచ్చు. చెవికీ అది మంచిది కాదు. పెద్దవారికి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్సు దాటకుండా వినటం క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇన్ని చేసినా ఇంట్లో పెద్దవారికి ఎదురుగా చెప్పిన మాటే వినపడకపోతే, అప్పుడు చూపించవలసింది స్పీకరును కాదు, చెవిని. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మిగతా ఇళ్లలో బీరువా మీది బాక్సులను కిందికి దించితే సగం పని అయినట్టే. "ఏమంటున్నాడురా?" అని అడగకుండా తాతగారు తల ఊపుతూ కూర్చున్న రోజున, ఆ గది ఓడు తీరినట్టు.