చేతిలో లేని సరుకును అమ్మవచ్చా?

రంజాన్ నెల సగం గడిచిందంటే చాలు, ఫోను తెరల మీద పండుగ దుస్తుల ప్రకటనలు వరుస కడతాయి. మెరిసే అబాయా బొమ్మ, దాని కింద మూడు వేల ధర కొట్టివేసి పన్నెండు వందలకే ఇస్తామన్న ఊరింపు. ఇంట్లో ఆడపిల్లలు ముచ్చట పడతారు, తండ్రి డబ్బు పంపుతాడు. ఆ ప్రకటన వేసిన వ్యక్తి దగ్గర ఆ అబాయా ఉందా? చాలాసార్లు ఉండదు. అతడు దాన్ని కంటితో చూసి కూడా ఉండకపోవచ్చు.

ఈ పద్ధతికి డ్రాప్‌షిప్పింగ్ అని పేరు. ఇందులో అమ్మేవానికి దుకాణం లేదు, గిడ్డంగి లేదు. ఎక్కడో ఉన్న టోకు వర్తకుని ఫొటోలు తెచ్చి తన పేజీలో పెట్టుకుంటాడు, తన లాభం కలిపి ధర వేస్తాడు. మనం డబ్బు కట్టిన తర్వాతే అందులో కొంత ఆ వర్తకునికి చెల్లించి, మన చిరునామా ఇస్తాడు. సరుకు అక్కడి నుంచి నేరుగా మన గుమ్మానికి వస్తుంది. పేజీ మీద హైదరాబాద్ అని రాసి ఉన్నా, పొట్లం సూరత్ నుంచి రావచ్చు, చైనా నుంచీ రావచ్చు.

మోసం చేసే ఉద్దేశం లేకపోయినా చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బట్ట పలుచన, కొలత తప్పు, లేదా పండుగ వెళ్ళిన వారానికి చేరింది. అడిగితే, తప్పు పంపినవాడిదని అమ్మినవాడు అంటాడు. పంపినవానికి మనమెవరో తెలియదు. పత్తర్‌గట్టీలో కొన్న బట్ట బాగా లేకపోతే మర్నాడు వెళ్ళి ఆ దుకాణదారుని ముందే నిలబడవచ్చు. ఇక్కడ ఎవరి ముందు నిలబడాలి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) వ్యాపారం చేసే సహాబీ. తన దగ్గర లేని వస్తువు కోసం జనం వస్తున్నారనీ, ముందు బేరం కుదుర్చుకుని ఆ తర్వాత బజారులో కొని ఇవ్వవచ్చా అనీ ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. తన దగ్గర లేనిదాన్ని అమ్మవద్దని దైవప్రవక్త (స) వారించారు. అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ, ఇబ్నె మాజా సంకలనాల్లో ఈ హదీసు ఉంది. నేటి డ్రాప్‌షిప్పింగ్ అచ్చంగా ఆయన అడిగిన బేరమే. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఉల్లేఖించిన మరో హదీసులో, నష్టం బాధ్యత తనపై లేని సరుకు మీద లాభం తీయడం కూడా నిషేధమని ఉంది. సరుకు తడిసినా, చిరిగినా, దారిలో పోయినా తనకేమీ సంబంధం లేదనేవాడు లాభం మాత్రం ఏ హక్కుతో తీసుకుంటాడు?

ముందు డబ్బు తీసుకుని తర్వాత సరుకు ఇచ్చే సలమ్ బేరం ధర్మసమ్మతమే కదా అని కొందరు యువకులు వాదిస్తారు. నిజమే. మదీనాలో జనం ఖర్జూరాలకు ఒకటి రెండేళ్ళ ముందే డబ్బు ఇచ్చేవారు. కొలత, తూకం, గడువు స్పష్టంగా ఉండాలన్న షరతుతో దైవప్రవక్త (స) దాన్ని అనుమతించారు. అయితే సలమ్‌లో పూర్తి వెల ముందే చెల్లించాలి, చెప్పిన రకం చెప్పిన గడువుకు అప్పగించే పూచీ అమ్మినవాడిదే. సరుకు ఇంటికి వచ్చాక డబ్బు కట్టే బేరం సలమ్ కాదు. "త్వరలో చేరుతుంది" అన్న మాట గడువూ కాదు.

ఇంటిపట్టున ఉండి వాట్సాప్‌లో చీరలు, బుర్ఖాలు అమ్ముకుంటున్న సోదరీమణులు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. వారి సంపాదన దారి మూసుకుపోయిందని కాదు. టోకు వర్తకునితో ముందే మాట్లాడుకుని, అతని ఏజెంటుగా ఉండి కమీషను తీసుకోవచ్చు. లేదా సరుకు తెప్పించి తమ చేతికి వచ్చాకే అమ్మవచ్చు. వివరాలు తమకు తెలిసిన ఆలిమును అడిగి తేల్చుకోవడం మేలు.

ఇక కొనేవారి సంగతి. చూడకుండా కొన్న వస్తువును చూశాక వద్దనే హక్కు హనఫీ ధర్మశాస్త్రంలో ఉంది. దాన్ని ఖియారె రూయత్ అంటారు. మన దేశ చట్టం అంత దూరం వెళ్ళలేదు. కానీ 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపం ఉన్న సరుకును, ప్రకటనలో చెప్పినట్టు లేనిదాన్ని, చెప్పిన గడువు దాటి వచ్చినదాన్ని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అమ్మకందారే కొనుగోలుదారు వేషంలో తన సరుకును పొగుడుతూ రాయడం కూడా నిషిద్ధం.

డబ్బు పంపేముందు ఆ పేజీలో పూర్తి చిరునామా, ఫోను నంబరు, వాపసు షరతులు ఉన్నాయో లేదో చూడాలి. ఆ బొమ్మనే గూగుల్‌లో వెతికితే అదే అబాయా పది పేజీల్లో పది ధరలకు కనబడవచ్చు. సరుకు వచ్చాకే డబ్బు కదా అని ధీమా పడేవారు ఒకటి గమనించాలి: సాధారణంగా డబ్బు ఇచ్చాకే పొట్లం విప్పనిస్తారు. ప్రకటన తర్వాత మాయం కావచ్చు కాబట్టి దాని ఫొటో ముందే తీసి ఉంచుకోవాలి, పొట్లం విప్పేటప్పుడు వీడియో తీయాలి. అమ్మకందారు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. పేజీయే దొంగదని తేలితే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పాలి. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.